అద్దానికి ఆసరా

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే డిసెంబరు 17వ తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అంటే సర్కారు వారు దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ సంగతి గురించి, కరువు భత్యం బకాయిల గురించి నాకన్నా తెలిసినవారు ఇంతకు ముందే మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు మీ టెలిస్కోపు కథ చెప్పండి, పిల్లలు కూడా వింటారు" అన్నారు. కథ చెబుతాను గానీ, అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

నేను ఖజానా శాఖలో ముప్పయి నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి 2007లో రిటైరయ్యాను. చదివింది బి.కాం. సైన్సుకీ నాకూ చుట్టరికం లేదు. 2009వ సంవత్సరాన్ని ప్రపంచమంతా ఖగోళశాస్త్ర సంవత్సరంగా జరుపుకున్నారు. గెలీలియో తన దుర్భిణిని ఆకాశం వైపు తిప్పి అప్పటికి నాలుగు వందల ఏళ్ళు. ఆ సందర్భంలో పత్రికల్లో వ్యాసాలు వస్తుంటే, అద్దాన్ని ఇంట్లోనే అరగదీసుకుని టెలిస్కోపు చేసుకోవచ్చునని చదివాను. కొనాలంటే పెన్షనరుకు భారం. చేసుకోవాలంటే కావలసింది ఓపిక, తీరిక. ఆ రెండూ మన దగ్గర దండిగా ఉన్నాయి కదా!

మా వీధి చివర ఇంట్లో రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఒకరుండేవారు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. వీధిలో అందరం ఆయన్ని ఫిట్టరు గారనే పిలిచేవాళ్ళం. నాకు లెక్కలు వచ్చు, ఆయనకు చేతిపని వచ్చు. ఇద్దరం కలిశాం.

పని ఎలా ఉంటుందో క్లుప్తంగా చెబుతాను. ఎనిమిది అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం ఉన్న రెండు గాజు బిళ్ళలు కావాలి. ఒకదాన్ని పాత నూనె పీపా మీద కదలకుండా బిగించి, పైన కార్బొరండం పొడి, నీళ్ళు వేసి, రెండో బిళ్ళతో రుద్దాలి. పీపా చుట్టూ ప్రదక్షిణం చేస్తూ రుద్దాలి. పై బిళ్ళ గుంట పడుతుంది, కింది బిళ్ళ ఉబ్బుతుంది. మా ఆవిడ చూసి, "నలభై ఏళ్ళు రుబ్బురోలు వైపు తొంగిచూడని మనిషి ఇప్పుడు గాజును రుబ్బుతున్నారు" అంది. వరండాలో మూడు నెలలు రుబ్బాం. గరుకు పొడితో మొదలుపెట్టి మెత్తని పొడికి వచ్చి, చివర కీలు పోసి చేసిన దిమ్మ మీద మెరుగు పెట్టాలి. ఇంత శ్రమకూ మధ్యలో పడే గుంట రెండు మిల్లీమీటర్లు మాత్రమే.

ఆ తరువాత గుంటను సరైన ఆకారానికి తేవడం అసలు విద్య. బంతి లోపలి వంపు చాలదు, పరవలయమనే వంపు రావాలి. మా అద్దానికి ఆ రెండింటికీ అంచు దగ్గర తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు. ఫ్రాన్సు దేశపు ఫూకో 1858-59 ప్రాంతంలో చెప్పిన పరీక్ష ఉంది. ఒక చిన్న దీపం, ఒక గడ్డం బ్లేడు ఉంటే చాలు, అద్దం మీద నీడలు పడి మిట్టపల్లాలు తెలుస్తాయి. ఫిట్టరు గారు అద్దాన్ని చెక్క స్టాండు మీద ఊరికే ఆనించి నిలబెట్టి, రాత్రి పూట లైట్లార్పి, నీడ చూసి, పది నిమిషాలు బొటనవేలితో రుద్ది, మళ్ళీ మర్నాటి దాకా ఆగేవారు. చివరికి ఒక రాత్రి, "ఇంక దీన్ని ముట్టుకోకూడదండి, ఆయ్" అన్నారు. నేనూ చూశాను. నీడ పుస్తకంలో బొమ్మలాగే ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో తరువాత పని ఉంది.

అల్యూమినియం పూత వేయించి తెచ్చాక, అద్దాన్ని గొట్టం అడుగున కూర్చోబెట్టే పీట చేయడం నా వంతయింది. దీన్ని ఇంగ్లీషులో సెల్ అంటారు, మన జేబుల్లో మోగేది కాదు. పీటే కదా అని తేలిగ్గా తీసుకున్నాను. గుండ్రంగా ప్లైవుడ్ కోయించి, దాని మీద మూడు చోట్ల మందపాటి గుడ్డ అతికించి, రెండున్నర కిలోల అద్దాన్ని పెట్టి, అంచున మూడు ఇనుప క్లిప్పులు వేశాను. జారి పడి పగిలితే మూడు నెలల శ్రమ పోతుంది. ఆ భయంతో స్పానరు పెట్టి, ఇంక తిరగదనేంత వరకు బిగించాను.

2010 ఫిబ్రవరిలో ఒక రాత్రి మా డాబా మీద వీధి వీధంతా చేరింది. టెలిస్కోపును లుబ్ధక నక్షత్రం వైపు తిప్పాం. నక్షత్రం చుక్కలా ఉండాలి. కానీ మూడు మూలలు దేరి, సమోసాలా కనిపించింది. ఎంత సవరించినా అంతే. పిల్లలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ నా నోట ఏం వచ్చిందో ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. "మెరుగు సరిగా పెట్టలేదండీ. రేకులు సాపు చేయడం వేరు, ఇది వేరు" అన్నాను. ఫిట్టరు గారు ఒక్క మాట అనలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఎనిమిది నెలలు మా గుమ్మం తొక్కలేదు. వీధిలో ఎదురైతే తల ఊపేవారు, అంతే. నేను కూడా బింకానికి పోయాను. కుర్చీలో కూర్చుని కాగితం మీద రాసేవాడికి, చేత్తో పనిచేసేవాడి మీద ఉండే చిన్నచూపు నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి. అద్దం ఎంత ఖచ్చితంగా ఉండాలి? లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్త పేరుతో ఒక కొలత ఉంది. అద్దం నుంచి వెనక్కి వచ్చే వెలుగు, తన తరంగం పొడవులో పావు వంతుకు మించి తేడా పడకూడదు. వెలుగు అద్దానికి తగిలి తిరిగి వస్తుంది గనుక అద్దం మీది తప్పు రెట్టింపవుతుంది. కాబట్టి అద్దం తలంలో తప్పు అందులో సగానికి మించరాదు. లెక్క కడితే, మన ఆఫీసు కాగితం మందాన్ని సుమారు పద్నాలుగు వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. గాజు గట్టిదని మనం అనుకుంటాం. ఈ కొలత దగ్గర గాజు కూడా వంగుతుంది. వేలితో నొక్కినా వంగుతుంది. తన బరువుకు తానే కుంగుతుంది. అద్దానికి పీట చేయడమంటే అందుకే ఒక విద్య.

ఆ ఏడు దసరా ముందు, అద్దాన్ని పీటలోంచి తీసి మెరుగు మళ్ళీ మొదటి నుంచి పెట్టిద్దామని నిశ్చయించుకున్నాను. అంటే ఫిట్టరు గారి పనంతా చెరిపేయడమే. అదృష్టం కొద్దీ, ఆ పనికి ముందు లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో రెండు వాక్యాలు కంటబడ్డాయి. నక్షత్రం వంకరగా కనిపిస్తే, అద్దాన్ని పీటలో పావు చుట్టు తిప్పి మళ్ళీ చూడు. వంకర అద్దంతో పాటు తిరిగితే తప్పు గాజుది, తిరగకుండా ఉన్నచోటే ఉంటే తప్పు పీటది.

అద్దం అంచున పెన్సిలుతో గుర్తు పెట్టి, పావు చుట్టు తిప్పి, మళ్ళీ మునుపటిలాగే బిగించి శ్రవణా నక్షత్రాన్ని చూశాను. త్రికోణం ఉన్నచోటే ఉంది. ఒక్క వెంట్రుకవాసి తిరగలేదు. మన భాషలో చెప్పాలంటే, ఫైలు మార్చినా అదే అభ్యంతరం వస్తోందంటే లోపం ఫైలులో లేదు, సీటులో ఉంది. ఆ సీటు నాది.

క్లిప్పులు విప్పుతుంటే ఒక నట్టు రాలేదు. నా అవస్థ చూసి మా ఆవిడ అన్నది: "గాజులు తొడిగేవాడు చెయ్యి వదులుగా పెట్టమంటాడు. బిగిస్తే చిట్లుతుంది. అదీ గాజే, ఇదీ గాజే. ఎందుకండీ అంత బిగించారు?" మూడు క్లిప్పులు, మూడు మూలలు. ఎనిమిది నెలలు నేను చూడనిది ఆమె ఒక్క నిమిషంలో చూసింది. మూడు చోట్లా పట్టి నొక్కితే గాజు మూడు చోట్లా వంగింది. అంతే సంగతి. స్టాండు మీద ఊరికే ఆనించి పరీక్షించినప్పుడు నీడ సరిగా ఉందని నా కళ్ళతో నేనే చూశాను కదా! కోపంలో ఆ సాక్ష్యం గుర్తుకు రాలేదు.

క్లిప్పులు సడలించి, అద్దాన్ని కాసేపు చల్లబడనిచ్చి చూశాను. శ్రవణం సూది మొనలా నిలిచింది.

మర్నాడు పొద్దున్నే ఫిట్టరు గారింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని కిరోసిన్ స్టవ్ బాగు చేస్తున్నారు. నిలబడే చెప్పాను. "ఫిట్టరు గారూ, తప్పు అద్దానిది కాదండి. నేను బిగించిన క్లిప్పులది."

ఆయన తల ఎత్తకుండానే, "తెలుసండి. ఆ రాత్రి మెట్లు దిగేటప్పుడే తెలిసింది" అన్నారు.

"తెలిసి ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు సంజాయిషీ అడగలేదు కదండీ. ఆర్డరు వేసేశారు."

మిత్రులారా, ముప్పయి నాలుగేళ్ళ సర్వీసులో, సంజాయిషీ అడగకుండా ఎవరినీ శిక్షించరాదని ఎన్ని ఫైళ్ళలో నోటు రాశానో లెక్కలేదు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. క్షమించమన్నాను. ఆయన స్టవ్ పక్కన పెట్టి చేతులు తుడుచుకుని, "పదండి, క్లిప్పులు ఎంత వదులు చేశారో చూద్దాం. మరీ వదులు చేసినా ముప్పే" అన్నారు.

ఆయన మా ఇంటికి వచ్చి చేసిన మొదటి పని, నా పాత ఉత్తరాల కట్టలోంచి ఒక పోస్టుకార్డు లాగడం. దానితో నాకు నేర్పిన పాఠాలు, ఆ తరువాత మేమిద్దరం అనుభవం మీద తెలుసుకున్నవి ఇప్పుడు వరుసగా చెబుతాను. మీ మనవళ్ళు ఎవరైనా ఈ పని మొదలుపెడితే పనికొస్తాయి.

మొదటిది, క్లిప్పు ఉన్నది అద్దం ముందుకు పడకుండా కాయడానికే గాని పట్టుకోవడానికి కాదు. క్లిప్పుకీ అద్దానికీ మధ్య పోస్టుకార్డు దూరి, బిగుసుకోకుండా బయటికి రావాలి. పక్కల కూడా చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. మన గోదావరి తీరంలో వానాకాలం చెక్క ఉబ్బుతుంది. ఖాళీ లేకపోతే చెక్కే అద్దాన్ని నొక్కుతుంది.

రెండోది, కింద మూడు ఆనికలు చాలు. కాని ఎక్కడ పెట్టాలి? మూడు కాళ్ళ పీట ఏ నేల మీదైనా ఊగదు, నాలుగు కాళ్ళది ఊగుతుంది. అందుకే మూడు. పాత పుస్తకాలు మధ్య నుంచి అంచుకు ఉన్న దూరంలో 70 శాతం దగ్గర పెట్టమన్నాయి. అక్కడ గీసిన వృత్తం అద్దం వైశాల్యాన్ని లోపల సగం, బయట సగంగా పంచుతుంది. ఆ తరువాత కంప్యూటరు లెక్కలు వచ్చి, ఇంకా లోపలికి, సుమారు 40 శాతం దగ్గర పెడితే మేలని తేల్చాయి. మా అద్దంలాంటి చిన్న, దళసరి అద్దాలకు ఎలా పెట్టినా పెద్ద తేడా రాదు.

మూడోది, అద్దం పెద్దదై పలచబడితే మూడు ఆనికలు చాలవు. 2012లో మేమిద్దరం పది అంగుళాల అద్దం చేశాం. మందం ఒక అంగుళం. మూడు కిలోల పైచిలుకు బరువు. దానికి తొమ్మిది ఆనికలు కావాలి. కాని తొమ్మిది మేకులు కొట్టి వాటి మీద పెడితే, అద్దం అందులో ఎత్తుగా ఉన్న మూడింటి మీదే కూర్చుంటుంది. మిగిలిన ఆరూ హాజరు పట్టీలో సంతకం పెట్టి పనిచేయని వాళ్ళవుతాయి! ఉపాయం ఏమిటంటే త్రాసు. త్రాసు కాడను మధ్యలో వేలాడదీస్తే రెండు పళ్ళాలూ బరువును సమంగా పంచుకుంటాయి. అలాగే మూడు అల్యూమినియం త్రికోణాలు కోసి, ఒక్కొక్క త్రికోణాన్నీ దాని తూకపు బిందువు దగ్గర ఒక మొన మీద నిలబెట్టాలి. త్రికోణం అటూ ఇటూ ఒరిగి, తన మూడు మూలలతోనూ అద్దాన్ని అందుకుంటుంది. మా పది అంగుళాల అద్దానికి మధ్య నుంచి రెండంగుళాల దూరంలో మూడు ఆనికలు, నాలుగంగుళాల దూరంలో ఆరు వచ్చాయి. ఒక్కొక్కదాని మీద దాదాపు 350 గ్రాములు పడుతుంది. తూకపు బిందువు నేను లెక్క కట్టాను. ఫిట్టరు గారు రేకును మేకు మొన మీద నిలబెట్టి కనుక్కున్నారు. రెండూ ఒకచోటే వచ్చాయి.

ఈ ఉపాయం మాది కాదు. డబ్లినులోని థామస్ గ్రబ్ 1835లో ఐర్లండులోని అర్మా వేధశాల దుర్భిణికి ఇలాంటి తూకపు మీటలు అమర్చాడు. 1845లో లార్డ్ రాస్ కట్టిన ఆరడుగుల మహాదుర్భిణిలో, సుమారు మూడు టన్నుల లోహపు అద్దాన్ని మోసింది ఈ పద్ధతే. గ్రబ్ కుటుంబపు కర్మాగారంలో తయారైన 15 అంగుళాల కటకపు దుర్భిణి మన హైదరాబాదు నిజామియా వేధశాలకు వచ్చింది. హవాయి దీవిలోని కెక్ దుర్భిణిలో 36 అద్దపు ముక్కలున్నాయి. ఒక్కొక్క ముక్కకూ వెనుక 36 ఆనికలు ఈ తూకపు పద్ధతిలోనే ఉన్నాయి. మా వరండాలో మేకు మీద నిలబడిన రేకు కూడా ఆ వంశానిదే!

నాలుగోది, గొట్టం వంచినప్పుడు బరువు అద్దం అంచు మీదికి వస్తుంది. అప్పుడు కింద ఒక్కచోట ఆనితే అక్కడ నొక్కుకుపోతుంది. నడిమికి అటూ ఇటూ సమదూరంలో, రెంటి మధ్య లంబకోణం ఉండేటట్టు రెండు చోట్ల ఆనించాలి. మాది జాన్ డాబ్సన్ పద్ధతిలో పెట్టె మీద పైకీ కిందికీ ఊగే దుర్భిణి గనుక అడుగు ఎప్పుడూ అడుగే, ఆ రెండు ఆనికలతో సరిపోతుంది. ఈ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సమాజంలో 1944 నుంచి 1967 దాకా సన్యాసిగా ఉన్న మనిషి. అక్కడ ఉండగానే పాత ఓడ కిటికీల గాజుతో అద్దాలు చేశాడు. తరువాత వీధిలో నిలబడి దారిన పోయేవాళ్ళందరికీ ఉచితంగా చంద్రుణ్ణి చూపించాడు. 2014లో 98 ఏళ్ళ వయసులో పోయాడు.

ఐదోది, గట్టిపడిపోయే జిగురుతో అద్దాన్ని పీటకు అతికించవద్దు. గాజు ఒక లెక్కన, చెక్క మరొక లెక్కన సాగుతాయి, కుంచించుకుంటాయి. అతికించక తప్పకపోతే రబ్బరులా మెత్తగా ఉండే సిలికాను వాడి, మూడు మిల్లీమీటర్ల మందం ఉంచాలి.

ఆరోది, పీట వెనుక గాలి ఆడాలి. గదిలోంచి తెచ్చిన అద్దం వెచ్చగా ఉంటుంది, దాని మీది గాలి కదిలి బొమ్మ వణుకుతుంది. చూడబోయే ముందు గంటసేపు డాబా మీద పెట్టి ఊరుకోవాలి.

పిల్లలూ, ఇది అన్నిటికన్నా ముఖ్యం. టెలిస్కోపును సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదు. కన్ను పోతుంది.

మళ్ళీ కథకు వస్తాను. ఆ అక్టోబరులో క్లిప్పులు సరిచేసి, ఫిట్టరు గారు, నేను గురుగ్రహాన్ని చూశాం. గురుడి మీద రెండు ముదురు పట్టీలు ఉంటాయని నేను అందరికీ చెప్పి ఉన్నాను. కనిపించింది ఒక్కటే. ఆయన నా వైపు చూశారు. నేను ఈసారి నోరు మూసుకున్నాను. తరువాత పత్రికలో చదివితే తెలిసింది, 2010లో గురుడి దక్షిణపు పట్టీయే మాసిపోయిందట. అద్దం ఉన్నది ఉన్నట్టే చూపించింది. ఆ సంగతి చెబితే ఫిట్టరు గారు, "చూశారా, ఈసారి మీరు తొందరపడలేదు" అని నవ్వారు.

2020 డిసెంబరు 21న గురుడు, శని ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. రెంటి మధ్య పూర్ణచంద్రుడి వెడల్పులో అయిదో వంతు దూరమే. అప్పటికి ఫిట్టరు గారికి మోకాళ్ళ నొప్పులు, డాబా ఎక్కలేరు. కరోనా భయం కూడా. మా అబ్బాయి సాయంతో టెలిస్కోపును రాజమండ్రిలో గోదావరి గట్టు మీదికి తీసుకుపోయాం. పొద్దుగుంకాక నది మీద పడమటి దిక్కున రెండు గ్రహాలూ ఒకే చూపులో కనిపించాయి. అటు శని వలయం, ఇటు గురుడి చందమామలు. ఫిట్టరు గారు మాస్కు కిందికి లాగి, చాలాసేపు చూసి, "గుండ్రంగానే ఉన్నాయండి" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు.

2022లో ఆయన కాలం చేశారు. ఆ పోస్టుకార్డు ఇంకా టెలిస్కోపు పెట్టెలోనే ఉంది. ఏడాదికోసారి క్లిప్పుల కింద దూర్చి చూస్తాను.

మన వయసులో మనకు ఆసరా కావాలి. పిల్లలు ఇవ్వాలి, సర్కారు ఇవ్వాలి, సంఘం ఇవ్వాలి. దాని కోసమే ఈ సంఘం ఉంది. కాని మనం కూడా ఇంకా ఎందరికో పీటలమే. ఇంట్లో కొడుకులు, కోడళ్ళు, మనవలు మన మీద ఆని ఉన్నారు. జారిపోతారేమోనన్న భయంతో నేను అద్దాన్ని బిగించినట్టు వాళ్ళను బిగించకుండా ఉంటే చాలు. నడుమ ఒక పోస్టుకార్డు మందం ఖాళీ ఉంచుదాం.

టెలిస్కోపును ఈరోజు వెంట తెచ్చాను. సభ అయ్యాక, మబ్బు లేకపోతే, పెరట్లో కృత్తికలను చూపిస్తాను. మెట్లెక్కే పని లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు ముందు వరుసలో రావలసిందిగా కోరుతున్నాను.